బొబ్బట్ల కంటే ముందు అరిసెలు

ఆమె పోయి పదకొండు రోజులైందన్న సంగతి నాకు ఏన్కూరు సంతలో తెలిసింది. చింతపండు తూస్తున్న ఆమె, త్రాసు మీద నుంచి కళ్ళెత్తకుండా, మాటల్లో మాటగా అడిగింది: "మీ పాపకు నీళ్ళు పోసిన అవ్వ పాయె గదమ్మా, ఎరికేనా?"

నాకు తెలియదు. మా ఊరికీ, అడవి అంచున ఉన్న ఆమె గూడేనికీ మధ్య నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. మా చేలో మిరపకాయలు ఏరడానికి ఆ గూడెం ఆడవాళ్ళే రోజూ ఆటోలో వస్తారు. పదకొండు రోజులు వాళ్ళు నా చేతి మంచినీళ్ళు తాగి, నాతో మాట్లాడి వెళ్ళారు. ఒక్కరూ చెప్పలేదు. నాకు చెప్పాల్సిన విషయాన్ని నాకు తప్ప అందరికీ చెప్పడం ఈ చుట్టుపక్కల అలవాటు. దాని గురించి నేను ఇదివరకే చాలామందితో పోట్లాడాను.

పేరు రాద్దామంటే అదీ తెలియదు. పన్నెండు వారాలు నా బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన మనిషి పేరు నేను అడగలేదు. మా అత్తయ్య "ఏమే ముసలమ్మా" అనేది. నేను "అవ్వా" అనేదాన్ని. ఊళ్ళో వాళ్ళకు ఆమె నీళ్ళవ్వ.

ఎండ మా పెరట్లో బట్టలుతికే బండ మీదకు వచ్చే వేళకు సరిగ్గా వచ్చేది. కాలుతున్న చుట్టను ప్రహరీ గోడ మీద ఒక పెంకు కింద పెట్టి, నోరు పుక్కిలించి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని అప్పుడు లోపలికి అడుగు పెట్టేది. పోయేటప్పుడు మళ్ళీ ఆ చుట్ట తీసుకుని, ఆరిపోయి ఉంటే అలాగే నోట్లో పెట్టుకుని పోయేది. చీర మోకాళ్ళ పైకి దోపి, పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపేది. నీళ్ళు కాగాయో లేదో చేత్తో చూసేది కాదు, మోచెయ్యి ముంచేది.

"చేతులకు పనిజేసీ పనిజేసీ బుద్ధి పాడైంది బిడ్డా. ఏది సలసల, ఏది గోరెచ్చన ఎరిక లేదు. మోచెయ్యి గట్ల కాదు. అది ఇంక పసిదే."

పెద్దవాళ్ళతో తెలుగు, పసివాళ్ళతో తన గూడెం భాష. మా పాపతో ఆ భాషలో ఏమేమి మాట్లాడేదో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా బిడ్డతో నాకు తెలియని మాటలు మాట్లాడటం నాకు నచ్చేది కాదు. ఒకసారి అడిగాను కూడా, ఏమంటున్నావని. "ఎప్పుడొచ్చినవని అడుగుతున్న," అన్నది.

ముసలివాళ్ళందరూ నీళ్ళు పోయరా అంటే, పోస్తారు. కానీ ఈమెకు ఒక పద్ధతి ఉంది. నూనె రాయడానికి ముందు బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా వేసుకుని వరసగా పలకరించేది. మొదట పీట మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టేది. పాప ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపి, మళ్ళీ గుండెల మీదకు తెచ్చుకునేది. "కొమ్మ ఇరిగిందనుకుంటది. తల్లిని అందుకుంటది," అనేది. తర్వాత తన వేలు పాప అరచేతిలో పెట్టేది. పాప పిడికిలి బిగించేది. తర్వాత పాప తలను మెల్లగా ఒక పక్కకు తిప్పేది. ఏ వైపు తిప్పితే ఆ వైపు చెయ్యి చాపుకునేది, రెండో చెయ్యి మడిచి తల దగ్గర పెట్టుకునేది. ఎవరో చూపించినట్టు, అచ్చంగా.

"చూసినవా, ఇల్లు పట్టింది. బాణమేస్తది."

ఆమె నోట్లో విల్లు, ఇల్లు రెండూ ఒకటే. నాకు నవ్వొచ్చింది. చివరికి పాపను చంకల కింద పట్టుకుని లేపి, పాదాలు పీటకు ఆనిస్తే, నెల పిల్ల గబగబా రెండడుగులు వేసేది.

"అయ్యో, అప్పుడే నడుస్తోందే!" అన్నాను మొదటిసారి చూసి.

"దాని నడక గాదు బిడ్డా. గివన్ని లోపలికెల్లి తెచ్చుకున్నయి. ఉలుకుడు, పట్టుడు, ఇల్లు పట్టుడు, గీ అడుగులు, అన్ని తెచ్చుకున్నయే. ఒకటెన్క ఒకటి పోవాలె. గవి పోతెనే దాని సొంతయి వస్తయి. చేతిల ఇల్లు పడేస్తెనే గద బోర్లపడేది."

వచ్చినవి పోవాలని కోరుకునే మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆమె మీద నా లెక్కలో మొదటి తప్పు మొదటి రోజే పడింది. పాపను ఒళ్ళోకి తీసుకోకముందే అడిగింది: "పుట్టంగనే ఏడ్సిందా, జర ఆగినంక ఏడ్సిందా?"

పాప ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో పుట్టింది. పుట్టిన వెంటనే ఏడవలేదు. నర్సులు పక్క గదిలోకి ఎత్తుకుపోయారు. ఎంతసేపటికి ఏడ్చిందో నాకు ఎవరూ సరిగా చెప్పలేదు. అది వేరే ఫిర్యాదు. ఆ దవాఖానా మీద నేను రాసిన అర్జీల నకళ్ళు ఒక సంచి నిండా ఉన్నాయి. కానీ ఆరోజు మా అత్తయ్య ఠక్కున అందుకుంది: "ఎందుకేడవలేదూ? గుక్కపెట్టి ఏడ్చింది. మా వంశంలో పుట్టగానే ఏడవని పిల్లలు లేరు." నేను తల దించుకుని నూనె గిన్నె అందించాను. అవ్వ ఇద్దరి ముఖాలూ చూసింది.

రెండో తప్పు, నా బిడ్డను ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఎదురింట్లో కోడలికి అదే నెలలో పుట్టిన పిల్లను చూసి "దూడ లెక్కుంది" అని నవ్వేదట. మా పాపను చూసి నవ్వేది కాదు. రెండు నెలలు నిండాక ఆ పలకరింపులు ఎక్కువ చేసింది. పీట మీద కొట్టడం, తల తిప్పి చూడటం, వేలితో పిడికిలి తట్టడం. చేసిందే చేసేది.

"ఎన్నిసార్లు భయపెడతావే దాన్ని?" అని అత్తయ్య కసిరింది.

"ఉలుకు పోతున్నదా లేదా సూస్తున్ననమ్మా."

"మా పిల్లది హుషారు. అందుకే ఉలుకు. పిడికిలి చూడు, ఉడుంపట్టు. లక్ష్మిని పట్టుకున్నాక వదుల్తుందా?"

అత్తయ్య వాళ్ళది కృష్ణా జిల్లా. నలభై ఏళ్ళ కింద ఇక్కడ భూమి కొనుక్కుని వచ్చినా, ఆవిడ మాట మారలేదు, ముచ్చట్లూ మారలేదు. బిడ్డ నవ్వితే నువ్వులుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు. ఒక్కొక్కటి చేసి వాడంతా పంచాలి. పాప బోర్లాపడటం కోసం పచ్చి శనగపప్పు తెప్పించి డబ్బాలో పోసి పెట్టింది. పాప బోర్లాపడలేదు. మూడు నెలలు నిండబోతుండగా ఒక ఉదయం అత్తయ్య పాపను చంకల కింద పట్టుకుని అరుగు మీద నిలబెట్టింది. పాప రెండు కాళ్ళూ కర్రల్లా నిటారుగా చాపి, వేళ్ళ మీద నిలబడింది. ముందుకు వంచితే ఒక కాలి మీదుగా ఒక కాలు వేస్తూ అడుగులు వేసింది.

"ఒరే, మూడు నెలల పిల్ల నిలబడుతోంది రోయ్!" అని అత్తయ్య వీధిలోకి వినబడేలా కేకపెట్టింది.

నేనూ మురిశాను. ఎందుకు మురవను? పెళ్ళయిన ఏడో ఏట పుట్టిన బిడ్డ. ఆ ఏడేళ్ళూ ఎవరెవరు ఏమేమి అన్నారో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. వాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి అరిసెలు పెట్టాలనుకున్నాను. పిలిచాను. బియ్యం నానబోసి, పిండి దంపించి, పాకం పట్టి, పళ్ళెం నిండా అరిసెలు వండాం. వాడలో ఆడవాళ్ళు వసారాలో కూర్చున్నారు. ఒక్కొక్కరూ పాపను నిలబెట్టి చూసి ముక్కున వేలేసుకున్నారు.

అవ్వ ఆ సమయానికే వచ్చింది. చుట్ట గోడ మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. నేనే విస్తరాకులో రెండు అరిసెలు పెట్టి అందించాను. తీసుకోలేదు.

"బొబ్బట్లు తినకుండ అరిసెలెట్ల తింట బిడ్డా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ముసల్దానికి రెండూ కావాలంట," అన్నారు. అవ్వ నవ్వలేదు. పాపను తీసుకుని అరచేయి తెరవబోయింది. తెరుచుకోలేదు. బొటనవేలు లోపలికి మడిచి, దాని మీద నాలుగు వేళ్ళూ బిగించి ఉంది.

"ఇవి అడుగులు గావు. అప్పటియే, ఇంక పోలే. గీపాటికి పోయి, మళ్ళ యాడాది కాడ సొంతంగ రావాలె. కాళ్ళు సూడు, వెదురు బొంగు లెక్క బిగవట్టింది. బలం గాదమ్మా ఇది. ఆలిశం జెయ్యకుండ పెద్ద దవాఖానల సూపియ్యుండ్రి."

వసారాలో అందరూ పాప కాళ్ళ వైపు చూశారు. ఎవరి ముందు తల ఎత్తుకుని నిలబడాలని ఏడేళ్ళు ఎదురుచూశానో, సరిగ్గా వాళ్ళ ముందు. ఆ ముఖాల్లో కొన్ని జాలిగా మారడం నేను చూశాను. ఆ జాలిని నేను భరించలేకపోయాను.

"నువ్వు నీళ్ళు పోయడానికి వచ్చావు. నా బిడ్డ ఎలా ఉందో చెప్పడానికి కాదు," అన్నాను. "రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆమె పాపను నా చేతికివ్వలేదు. పీట వేసుకుని కూర్చుంది. నూనె రాసి, నీళ్ళు పోసి, తల తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, ఆ రోజు పని అంతా పూర్తి చేసింది. అందరూ చూస్తూనే ఉన్నారు. అప్పుడు పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "పోయొస్త," అన్నది.

పదమూడో నెలలో హైదరాబాద్ తీసుకుపోయాం. అప్పటికి పాప కూర్చోలేదు. మధ్యలో ఇద్దరు డాక్టర్లకు చూపిస్తే, ఒకాయన "కొందరికి ఆలస్యమవుతుందమ్మా," అన్నాడు. ఇంకొకాయన టానిక్కు రాశాడు. హైదరాబాద్ డాక్టరమ్మ పాపను బల్ల మీద పడుకోబెట్టి, పెద్దగా చప్పట్లు కొట్టింది. పాప ఉలిక్కిపడి చేతులు చాపింది. డాక్టరమ్మ పాప అరచేతిలో వేలు పెట్టింది. తల పక్కకు తిప్పింది. పాప ఆ వైపు చెయ్యి చాపుకుంది, రెండోది మడుచుకుంది. చివరికి పాపను నడుము దగ్గర పట్టుకుని తలకిందులుగా బల్ల మీదకు దించింది. పడబోయే పిల్లలు చేతులు అడ్డం పెట్టుకోవాలట. మా పాప పెట్టలేదు.

"ఇవన్నీ పుట్టుకతో వచ్చే రిఫ్లెక్సులు. ఆరు నెలల లోపు పోవాలి. ఇవి పోతేనే మెడ నిలపడం, కూర్చోవడం, పడబోతే ఆపుకోవడం వస్తాయి," అన్నది డాక్టరమ్మ. దానికి సెరిబ్రల్ పాల్సీ అని పేరు చెప్పింది; పుట్టగానే ఏడవని కొందరు పిల్లల్లో మెదడుకు గాలి అందక వస్తుందట. తర్వాత అడిగింది: "కాళ్ళు, చేతులు బిగుసుకోవడం మొదట ఎప్పుడు, ఎవరు గమనించారు?"

"ఎవరూ గమనించలేదు," అన్నాను.

ముందే వచ్చి ఉంటే నడిచేదా అని అడిగాను. "నడిచేదని నేను మాట ఇవ్వలేను. చేతులు మాత్రం ఇంత బిగుసుకునేవి కావేమో," అన్నది. ఆ చేతులతోనే మా అమ్మాయి ఇప్పుడు అన్నం ముద్ద నోటి దాకా తీసుకుపోవాలి, పలక మీద గీత గీయాలి, నా కొంగు పట్టుకోవాలి. నేను పోగొట్టుకున్నది పది నెలలు. ఆ పది నెలలకు కారణం ఎవరో తేల్చాలని అందరి చుట్టూ తిరిగాను. దవాఖానాకు పోయాను. ఆలస్యమన్న డాక్టరు దగ్గరికి, టానిక్కు డాక్టరు దగ్గరికి పోయాను. సోమవారం సోమవారం కలెక్టరాఫీసు వరసలో నిలబడ్డాను. మా అత్తయ్యను నిలదీశాను. ఎవరూ తమది తప్పు అనలేదు.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా ఎండాకాలంలో సంతలో అవ్వ కనిపించింది. గోనెపట్టా మీద తునికిపండ్లు పోసుకుని అమ్ముతోంది. నేను పాపను చంకనేసుకుని ఎదురుగా నిలబడ్డాను. నన్ను కాదు, పాపను చూసింది ఆమె. లేచి, పాప పిడికిలి వేళ్ళను లాగకుండా, చేతి వెనక వైపు మణికట్టు నుంచి కిందికి మెల్లగా రాసింది. రెండు మూడుసార్లు. పిడికిలి వదులైంది. భద్రాచలంలో ఫిజియోథెరపీ అమ్మాయి నాకు ఆ పని నేర్పడానికి వారం పట్టింది. తెరుచుకున్న ఆ చేతిలో అవ్వ ఒక పండు పెట్టింది.

"నీకు ముందే తెలుసు," అన్నాను. చుట్టూ జనం ఉన్నారు. వాళ్ళు వినాలనే అన్నాను. "తెలిసి ఒక్కసారి చెప్పి ఊరుకున్నావు. నేను కోపంలో ఏదో అన్నాను, నువ్వు పెద్దదానివి కదా! మళ్ళీ వచ్చి ఎందుకు చెప్పలేదు?"

ఆమె పండ్ల మీద వాలిన ఈగలను తోలింది.

"అవ్ బిడ్డా," అన్నది. "నీ గడపల కూసోని మొత్తుకోనన్న జెప్పాల్సింది. గట్టిగ జెప్పరాకపాయె. నాదే తప్పు."

నేను ఇంటికి మనసు తేలికైనట్టు నడిచి వచ్చాను. మా ఆయన మోటారు దగ్గర ఉన్నాడు. "ఒప్పుకుంది," అన్నాను.

"ఎవరు?"

"నీళ్ళ ముసలమ్మ. తప్పు తనదేనని నలుగురిలో ఒప్పుకుంది."

ఆయన చేతులు తుడుచుకుంటూ నన్ను వింతగా చూశాడు. "ఆమె వచ్చింది కదే, ఆ తర్వాత మూడుసార్లు. గేటు దగ్గర నిలబడి, 'పాపను ఒక్కపారి సూసి పోత' అని బతిమాలింది. పాప నిద్రపోతోందని నాతో చెప్పించింది నువ్వే కదా!"

పది రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆయన చెప్పింది నిజం. మూడుసార్లూ నేను కిటికీ పక్కనే ఉన్నాను. మూడుసార్లూ పాప నా చేతుల్లో మేలుకుని ఉంది. ఎవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో తేదీలతో సహా చెప్పగలిగిన నేను, ఆ మూడుసార్లను మాత్రం ఎలా మరిచిపోయానో ఇప్పటికీ తెలియదు. ఆమెకు మాత్రం సంతలో అవి గుర్తుండే ఉంటాయి. ఉండి, అనలేదు. ఇన్నేళ్ళలో తప్పు ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె దగ్గరే తప్పు లేదు.

వెళ్ళి చెప్పాలనుకున్నాను. మిరప కోతలయ్యాక అనుకున్నాను. వానలు తగ్గాక అనుకున్నాను. ఆరేళ్ళు అలా అనుకున్నాను.

సంతలో ఆ కబురు విన్న మర్నాడు మా అమ్మాయిని తీసుకుని ఆటోలో గూడేనికి పోయాను. అవ్వ కూతురు వాకిట్లో చేట పట్టుకుని ఉంది. ఆమె జుట్టూ నెరిసింది. మంచం వాల్చి, మా అమ్మాయి వీపు వెనక బొంత మడిచి పెట్టింది. ఎవరమని అడగలేదు. పిల్లను చూసి గుర్తుపట్టింది.

"అవ్వ మా ఇంటికి వచ్చినప్పుడు పాప నిద్రపోలేదు," అన్నాను. ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు. "మేలుకునే ఉంది. నేనే అబద్ధం చెప్పించాను."

"ఎరికేనమ్మా. ఏడుపు గేటు కాడికి ఇనొచ్చిందట గద."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి, నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది.

"మీరు సంతల అడిగిన కాడికెల్లి అవ్వ ఇగ ఎవలకు నీళ్ళు పోయలే. ఎంతమంది పిలవొచ్చినా పోలే. 'సూసుడొచ్చు గని చెప్పుడు రాదు నాకు. చెప్పరానోళ్ళు పసిబిడ్డను ముట్టొద్దు' అన్నది. నా కోడలు కాన్పయితె గూడ దూరంగనే కూసున్నది. గా పిల్ల మంచిగనే ఉన్నదనుకో, అంగన్వాడికి పోతది. గని అవ్వ ఎత్తుకోలే."

"తప్పు నాది," అన్నాను. "ఆమెది కాదు."

"నాకెందుకమ్మా చెప్తవు? రెండు నెలలు మంచాన ఉండె. గప్పుడు వచ్చి ఆమెకు చెప్పేది ఉండె."

మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయింది.

మా అమ్మాయి ఒక్కో మాటా కూడదీసుకుని మాట్లాడుతుంది. తొందరపెట్టకూడదు. మేం మాట్లాడుకున్నదంతా విన్నట్టుంది.

"ఎవరమ్మా... పోయింది?"

"నిన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న అవ్వ. నీకు ఒంట్లో బాగాలేదని అందరికంటే ముందు తెలుసుకున్నది ఆవిడే."

ఇంకో ప్రశ్న తయారవుతోందని నాకు తెలుసు. ఎదురుచూశాను.

"మరి... మనకి... చెప్పలేదా?"

ఇన్నేళ్ళూ, ఎవరు అడిగినా, మాకెవరూ చెప్పలేదనే అన్నాను. అర్జీల్లోనూ అదే రాశాను.

"చెప్పిందమ్మా," అన్నాను. "నేనే వినలేదు."

మా అమ్మాయి నా ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. ఏదో అనడానికి మాటలు కూడదీసుకుంటోందేమోనని నేను అక్కడే, ఆమె పక్కనే కూర్చున్నాను.